పద్నాలుగు సెకన్లు

నాన్న బైపాస్ శనివారం అన్నారు. నేను టికెట్టు కొన్నాక శుక్రవారానికి జరిపారు. అంటే విజయవాడలో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళే వేళకి నేను సియాటిల్‌కీ దుబాయ్‌కీ మధ్య ఎక్కడో గాల్లో ఉంటానన్నమాట. "పర్లేదన్నయ్యా, ఫ్లైట్లో వైఫై ఉంటుందిగా, మెసేజ్ పెడతాలే" అంది చెల్లెలు.

నెట్‌వర్కుల మీద బతికేవాణ్ణి కాబట్టి, ఆ "ఉంటుందిగా" వెనక ఎంత కథ ఉందో నాకు కాస్త తెలుసు.

విమానంలో ఫోను వద్దనేది పైలట్ల పరికరాలు పాడవుతాయనే అనుకుంటారు చాలామంది. అమెరికాలో ఎఫ్.సి.సి. 1991లో పెట్టిన నిషేధానికి కారణం వేరు. నేల మీద ఫోను దగ్గర్లోని నాలుగైదు టవర్లకి కనిపిస్తుంది. ముప్పై అయిదు వేల అడుగుల నుంచి అదే ఫోను ఎన్నెన్నో టవర్లకి ఒక్కసారే వినపడి, కింద మాట్లాడుకునేవాళ్ళకి అడ్డం పడుతుంది. దీనికి విరుగుడు విమానంలోనే ఒక బుల్లి టవరు పెట్టడం. ఫోను దానితో గుసగుసగా మాట్లాడుతుంది, అది శాటిలైట్‌కి అందిస్తుంది. 2008 మార్చిలో ఎమిరేట్స్ వాళ్ళు కాసాబ్లాంకా వెళ్ళే విమానంలో ఈ పద్ధతిలోనే కాల్స్ మొదలుపెట్టారు.

ఇంటర్నెట్టు అంతకంటే ముందే ఎక్కింది. బోయింగ్ వారి కనెక్షన్ సర్వీసు 2004లో లుఫ్తాన్సాలో మొదలై, కొనేవాళ్ళు చాలక 2006 చివరికల్లా మూతపడింది. తర్వాత 2008లో గోగో వాళ్ళు అమెరికా నేల మీద టవర్లు వేసి ఆకాశం వైపు తిప్పారు. విమానం మొత్తానికి మూడు మెగాబిట్లు! పెళ్ళి పందిట్లో అందరికీ కలిపి ఒక్క మంచినీళ్ళ కూజా పెట్టినట్టు. పైగా సముద్రంలో టవర్లు పాతలేం కదా. కనక మళ్ళీ శాటిలైటే గతి.

ఆ శాటిలైట్ భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది. ప్రశ్న అంత దూరం పోయి జవాబు తెచ్చేసరికి అర సెకను దాటుతుంది. అది భరించొచ్చు. అసలు చిక్కేమిటంటే, మనం ఉత్తరానికి పోయేకొద్దీ అది దిగంతం మీదకి వాలిపోతుంది. దాదాపు 81 డిగ్రీలు దాటితే భూమి వంపు చాటుకి వెళ్ళిపోతుంది. విమానం వీపు మీద పడుకుని ఉండే యాంటెన్నా అంతకు ముందే చేతులెత్తేస్తుంది. సియాటిల్ నుంచి దుబాయ్‌కి దగ్గరి దారేమో ఉత్తర ధ్రువం పక్కనుంచే. ఇదంతా చెల్లెలికి చెప్పలేదు. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్టార్‌లింక్‌తో ఈ బాధ తగ్గుతోంది గానీ, నేనెక్కిన విమానానికి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు.

బయల్దేరిన మూడు గంటలకి చెల్లెలి మెసేజ్ వచ్చింది. "తీసుకెళ్ళారు." దాని కిందే అమ్మ నుంచి వాయిస్ మెసేజ్, పద్నాలుగు సెకన్లు. అమ్మ టైప్ చెయ్యదు. కళ్ళజోడు వెతుక్కోవడం కంటే మాట్లాడ్డం తేలికంటుంది. నొక్కాను. చక్రం తిరుగుతోంది. నాది ఉచిత ప్లాను, అక్షరాలు తప్ప ఏదీ రానివ్వదు. సరే, డబ్బు కట్టి పెద్ద ప్లాను తీసుకుందామని కార్డు నంబరు కొట్టాను. బ్యాంకు వాళ్ళు ఓటీపీ పంపారట. నా ఫోను నంబరుకి! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంకో కార్డు తీసేలోపు పేజీయే పోయింది. మ్యాపులో చూస్తే మా బుల్లి విమానం కెనడా నెత్తి మీద దీవుల దగ్గరుంది.

విమానంలో ఫోనుకాల్స్ వద్దనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2013లో ఎఫ్.సి.సి. నిషేధం సడలిస్తానన్నప్పుడు జనం గోల చేశారు, ఆ ప్రతిపాదనని 2020లో వెనక్కి తీసుకున్నారు. మంచి పని చేశారనుకున్నాను. పక్క సీటాయన స్థలాల బేరం పద్నాలుగు గంటలు ఎవరు వింటారు! ఆ రాత్రి మాత్రం ఒక్క నిమిషం మాట్లాడనిస్తే విమానమంతా నిద్ర లేచినా నాకు పట్టేది కాదు.

నాలుగు గంటలు. కిటికీ తెర పైకెత్తితే కింద మంచు. ఆ చక్రాన్ని ఎన్నిసార్లు నొక్కానో. ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు అడిగింది, అన్నం ముట్టలేదేమని.

మ్యాపులో నొవాయా జెమ్ల్యా దీవులు కనిపిస్తుండగా ఫోను ఒక్కసారి వణికింది. "అయిపోయింది. ఐసీయూకి మార్చారు. బానే ఉన్నాడన్నారు. అన్నయ్యా ఉన్నావా?" తర్వాత మూడు ప్రశ్నార్థకాలు, మూడూ వేరు వేరు సమయాల్లో.

"ఉన్నా" అని కొట్టాను.

దుబాయ్‌లో దిగి ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకోగానే మొదట అమ్మ మెసేజ్ విన్నాను. ఆస్పత్రి వరండా చప్పుళ్ళ మధ్య అమ్మ గొంతు: "నాన్నని లోపలికి తీసుకెళ్ళారు నాన్నా. నువ్వేం కంగారు పడకు. వాళ్ళిచ్చింది చల్లారకముందే తినేసి పడుకో."