పేరడిగి ఇల్లిచ్చే నగరం

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్‌లో చెరువులు కట్టలు తెంచుకున్నాయి. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీలో, ఇటు సరూర్‌నగర్ బస్తీల్లో బియ్యం సంచులు, పరుపులు, పిల్లల పుస్తకాలు అదే బురదలో నానాయి. నవంబరులో వరద సాయం పదివేల కోసం మీసేవ కేంద్రాల ముందు ఆడవాళ్లు ఆధార్ జిరాక్సులు పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డారు. కార్పొరేషన్ ఎన్నికల కారణంగా 18వ తేదీన ఆ సాయమూ ఆగింది. ఆ తర్వాత పోలింగ్ దాకా టీవీల్లో మోగింది మాత్రం నగరం పేరు మార్చడం గురించి, పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్న మాట గురించి. మునిగిన ఇంటివాడికి కావలసిన నాలా సంగతి పక్కకు పోయింది.

నాయకులు అన్నదే చూపించామని చానళ్లు అంటాయి. అన్న మాట నిజమే. ఒక వాక్యాన్ని రోజంతా తిప్పి తిప్పి వినిపించడం మాత్రం నాయకుడి పని కాదు, ఎడిటర్ నిర్ణయం. జనమూ దానికే ఓటేశారు కదా అని ఇంకో మాట. డిసెంబరు 1న పోలైంది 46 శాతం చిల్లర. వేసినవాళ్లలో వరద మీద కోపంతో వేసినవాళ్లెందరో, రానివాళ్ల మనసులో ఏముందో ఆ లెక్క చెప్పదు. దాన్ని ఎటువైపూ సాక్ష్యంగా నిలబెట్టలేం.

అలాగని ఈ ఊళ్లో విభజనే లేదని, అంతా టీవీవాళ్ల సృష్టేనని అనడం మాకు ఇష్టం లేదు. లాడ్ బజార్‌లో ముస్లిం కార్మికుడు చేసిన లక్క గాజులు హిందూ పెళ్లికూతురి చేతికెక్కుతాయి, మంచిదే. కానీ అద్దె ఇల్లు వెతుక్కునేవాణ్ణి అడగండి. టు-లెట్ బోర్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, అద్దె ఎంతో చెప్పకముందే పేరడుగుతారు. పేరులో మతం తేలకపోతే ఇంటిపేరు, అక్కడ కులం తేలకపోతే 'మీరు నాన్‌వెజ్ తింటారా' అని. ఆ ఫోను మర్యాదగానే ముగుస్తుంది. అరుపు లేదు కనుక అది బ్రేకింగ్ న్యూస్ కాదు. ఊరు నిజంగా చీలేది అక్కడే.

టీవీ అరుపుకూ ఈ మెత్తని నిరాకరణకూ సంబంధం లేదనలేం. అదే 2020లో కరోనా మొదటి నెలల్లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థ మీద సాగిన ప్రసారాల తర్వాత, తోపుడు బండి మీద కూరలమ్మేవాళ్లను పేరడిగి వెనక్కి పంపిన ఘటనలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. ఆ జమాత్ సమావేశానికి వచ్చిన కొందరు విదేశీయుల మీద కేసులను ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టేస్తూ, మీడియాలో జరిగిన ప్రచారాన్ని తప్పుపట్టింది. తీర్పు వచ్చేసరికి ఆ బండివాడి బేరాలు ఎప్పుడో పోయాయి. తీర్పుకు ఎన్ని చర్చలు పెట్టారు? ఇప్పటికైనా ఒక విలేకరిని అద్దె ఇళ్ల వెంట నెల రోజులు తిరగనివ్వండి. ఇల్లు దొరకనివాడి మాటను, ఇవ్వనివాడి భయాన్ని కూడా, టీవీ చర్చల ఎదురెదురు కిటికీల్లో కూర్చోబెట్టి కొట్లాడించకుండా, పూర్తిగా చెప్పుకోనివ్వండి.