నామినీ వేరు, వారసుడు వేరు

ఈ శీర్షిక చదివే మిత్రులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: “నామినేషన్ వ్రాసి ఇచ్చాము గదా, ఇంక విల్లు ఎందుకు?” మేము న్యాయవాదులము కాము, గనులలో యంత్రాల నడుమ వయసు గడిపిన ఇంజనీర్లము. అయినను ఒక సహోద్యోగి కుటుంబం పడిన ఇక్కట్లను దగ్గరగా చూచినందున ఈ మాసం ఆ విషయమే ప్రస్తావిస్తున్నాము.

ఆయనది విజయనగరం ప్రాంతం. బ్రహ్మచారిగా బైలడిలా వచ్చి, ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్ని ఫారములలోను అన్నగారి పేరు వ్రాశారు. వివాహమైనది, ఇద్దరు పిల్లలు కలిగారు. బీమా పాలసీలో పేరు మాత్రం మారలేదు. ఆయన అకాల మరణానంతరం బీమా సొమ్ము అన్నగారికి చేరినది. “పేరు నాది గనుక సొమ్ము నాదే” అని ఆయన నిజంగానే నమ్మారు. దుఃఖంలో ఒక్కటి కావలసిన రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

చట్టం చెప్పేది వేరు. నామినీ సొమ్మును అందుకొని వారసులకు అప్పగించవలసిన వ్యక్తి మాత్రమే. 1983లో శర్బతీదేవి కేసులో బీమా సొమ్ము గురించి సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పినది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లోను, కంపెనీ షేర్ల విషయంలో 2023లోను అదే సూత్రాన్ని వర్తింపజేసినది. 2015 బీమా చట్ట సవరణ ఒక మినహాయింపు కల్పించినది: తన పాలసీకి తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని లేక సంతానాన్ని నామినీగా వ్రాస్తే సొమ్ముపై హక్కు సాధారణంగా వారిదే. సోదరులు ఈ జాబితాలో లేరు.

భవిష్యనిధి, గ్రాట్యుటీల నియమం మరొకటి. కుటుంబం లేని రోజులలో ఇతరుల పేర చేసిన నామినేషన్, కుటుంబం ఏర్పడిన వెంటనే చెల్లకుండా పోతుంది. కొత్త ఫారము ఇవ్వకపోతే సొమ్ము చేతికందుట ఆలస్యమగును.

విల్లు వ్రాయకుండా మరణించిన హిందూ పురుషుని ఆస్తికి 1956 చట్టం ప్రకారం భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి మొదటి తరగతి వారసులు. స్వగ్రామంలోని తల్లికి కూడ సమాన భాగమున్నదని చాలామంది ఎరుగరు. విడిగా నివసించినంత మాత్రాన భార్య హక్కు పోదు. విడాకుల డిక్రీ వస్తేనే పోతుంది. డిక్రీ వచ్చినను పిల్లల వారసత్వం చెక్కుచెదరదు. కాని పాలసీలోని పాత పేరు తనంతట తాను తొలగిపోతుందని అనుకొనరాదు.

తల్లిదండ్రులు విడిపోయినపుడు అయిదేండ్ల లోపు బిడ్డ సామాన్యంగా తల్లి వద్దనే ఉండవలెనని హిందూ మైనారిటీ చట్టం చెప్పుచున్నది. ఆ పైన బిడ్డ క్షేమమే కొలబద్ద. సంరక్షకత్వపు అర్జీ బిడ్డ సాధారణంగా నివసించే చోటి న్యాయస్థానంలో వేయవలెను. తండ్రి కిరండూల్‌లో ఉండి, బిడ్డ విశాఖపట్నంలో అమ్మమ్మగారింట పెరుగుచున్నట్లయితే ఈ విషయం గుర్తుంచుకొనవలెను.

నామినేషన్ లేని డిపాజిట్లు, షేర్లు, బకాయిల కొరకు వారసత్వ ధ్రువపత్రం అవసరం కావచ్చును. మరణించినవారు ఇక్కడ నివసించి ఉంటే దంతెవాడ జిల్లా న్యాయస్థానంలో దరఖాస్తు చేయవచ్చును. అక్కడ పొందిన పత్రం దేశమంతటా చెల్లుతుంది. అయితే ఊరిలోని ఇంటికి, పొలానికి ఆ పత్రం పనికిరాదు. ప్రొబేట్ అనగా విల్లు నిజమైనదని న్యాయస్థానం ఇచ్చే ధ్రువీకరణ. బస్తర్‌లో హిందువుల విల్లుకు అది తప్పనిసరి కాదు. వివాదం వస్తే మాత్రం న్యాయస్థానమే శరణ్యం.

మరొక మాట. మన పక్కన పనిచేసే గోండు, హల్బా మిత్రులకు ఈ హిందూ చట్టాలు వర్తించవు. షెడ్యూల్డు తెగలవారికి వారి ఆచారమే ఆధారం. అయినను ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబపు కేసులో, స్త్రీకి వాటా నిరాకరించే ఆచారం రుజువు కానందున ఆమె వారసులకు సమాన భాగమున్నదని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెప్పినది. కాబట్టి మనకు తెలిసిన నియమాన్నే వారికి సలహాగా చెప్పరాదు.

మిత్రులు ఈ వారంలోనే చేయదగిన పనులు:

1. భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమా, బ్యాంకు నామినేషన్లను వేర్వేరుగా సరిచూచుకొనుట. ఒకచోట మార్చితే మరొకచోట మారదు.

2. నామినీ మైనరు అయితే, సొమ్ము అందుకొనుటకు పెద్దవారి పేరు చేర్చుట.

3. ఇద్దరు సాక్షుల సమక్షంలో విల్లు వ్రాసి సంతకం చేయుట. లబ్ధి పొందేవారు సాక్షులు కాకుండుట మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని మంచిది.

4. ఈ కాగితాలు ఎక్కడున్నవో భార్యకు లేక భర్తకు చెప్పుట.

షిఫ్టు మారిన ప్రతిసారి లాగ్‌బుక్ వ్రాస్తాము. వివాహం, జననం, విడాకులు, మరణం అంతకంటె పెద్ద మార్పులు గదా! ఆ అన్నగారు విషయం తెలిసిన పిమ్మట సొమ్మంతా మరదలికి అప్పగించారు. అప్పటికి రెండేండ్లు గడచినవి. సొమ్ము చేరినది గాని, ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు నేటికీ లేవు. ఒక్క సంతకంతో తప్పిపోయే కష్టం అది.