కేక్ కోశాక ఎవరుంటారు?

రెండేళ్ల కిందట మా ఆఫీసులో ఒక కేక్ కోశాం. దాని మీద క్రీముతో 'గో-లైవ్' అని రాసుంది. టెస్టింగ్ చేత్తో చేసే రోజులు పోయి ఆటోమేషన్ వచ్చిన సందర్భం అన్నమాట. మూడు నెలల ప్రాజెక్టు, బయటి నుంచి ఇద్దరు కన్సల్టెంట్లు, నాలుగు ట్రైనింగులు. గ్రూప్ ఫొటో లింక్డిన్‌లో పెట్టి నేనూ లైకులు లెక్కపెట్టుకున్నా.

ఆరు నెలలు తిరిగేసరికి మా సీనియర్ టెస్టర్ అక్క మళ్లీ పాత ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చుంది. "ఏంటక్కా ఇది?" అన్నాను.

"స్క్రిప్ట్ ఫెయిలైతే ఎవర్ని అడగాలి తమ్ముడూ? నేర్పినవాళ్లు వెళ్లిపోయారు. రిలీజ్ రాత్రి ఈ షీట్ నన్నెప్పుడూ వదిలేయలేదు" అంది.

అప్పటిదాకా ఆమెకి మార్పంటే ఇష్టం లేదనుకున్నా. కాదు, మధ్యలో వదిలేసింది మేమే.

పోయిన నెల మేనేజర్ మళ్లీ అదే పని నా చేతికిచ్చాడు. "నాలుగు నెలల ప్రాజెక్టుగా చేస్తావా, ఏడాది పాటు మెల్లగా చేస్తావా? నువ్వే చెప్పు" అన్నాడు.

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఇది పాత తగువే. జాన్ కాటర్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 1995లోనే రాశాడు: మార్పులు విఫలమవడానికి ఒక కారణం, తొందరపడి గెలిచేశామని ప్రకటించుకోవడమని. కొత్త పద్ధతి సంస్థ సంస్కృతిలో ఇంకడానికి ఐదు నుంచి పదేళ్లు పట్టొచ్చన్నాడు. మేం మూడు నెలలకే కేక్ కోశాం!

కొన్ని టొయోటా ఫ్యాక్టరీల్లో ఆండాన్ తాడు అని ఒకటుంటుంది. పనిలో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ పక్కకొచ్చి నిలబడతాడు. అప్పటికీ సరికాకపోతే లైనే ఆగుతుంది. మా అక్కకి లేనిది ఆ తాడే.

అలాగని ప్రాజెక్టు పద్ధతి తప్పని కాదు. మా జీతాల సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఒక తేదీ పెట్టారు, ఆ రోజు పాతది ఆపేశారు, అయిపోయింది. దాన్ని ఏడాది సాగదీసుంటే ఇప్పటికీ తెమిలేది కాదు.

అందుకే నేను ఒక్క ప్రశ్న వేసుకున్నా: మార్పు తర్వాత పాత దారి మూసుకుపోతుందా? మూసుకుపోతే ప్రాజెక్టు చాలు. పాత దారి ఒక్క క్లిక్ దూరంలోనే ఉంటే మాత్రం, ఆఖరి తేదీ దాటాక కూడా పక్కన ఒక మనిషి ఉండాలి.

"అయితే ఆ షీట్ డిలీట్ చేసేద్దాం" అన్నాడు మేనేజర్. నేను ఒప్పుకోలేదు. ఏ నెలాఖరున ఏది విరుగుతుందో ఆ షీట్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఎనిమిదేళ్ల అనుభవం అది.

చివరికి రెండూ అడిగాను. టూల్ పెట్టడానికి నాలుగు నెలలు. తర్వాత ఏడాదంతా ప్రతి గురువారం రెండు గంటలు టీమ్‌తో కూర్చోవడం. ఆ రెండు గంటలు నా అప్రైజల్ గోల్స్‌లో రాయాలన్నాను. ఎందుకంటే గో-లైవ్‌కి స్లైడ్ ఉంటుంది, గురువారాలకి ఉండదు. మొదటిదానికి సరే అన్నాడు. రెండోదానికి "చూద్దాం" అన్నాడు. ఆఫీసులో "చూద్దాం" అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

అయినా గురువారాలు ముందే మొదలుపెట్టేశా. ఇప్పటికి మూడయ్యాయి. అక్క షీట్‌లో 212 వరసలుంటే తొమ్మిది స్క్రిప్టులయ్యాయి. తొమ్మిదోది ఆమే రాసింది, నేను పక్కన కూర్చున్నానంతే.

హైక్ సంగతి మార్చిలో తేలుతుంది. మీ ఆఫీసులో ఈసారి 'గో-లైవ్' కేక్ కోస్తే, తినే ముందు ఒక్కమాట అడగండి: వచ్చే గురువారం ఎవరుంటారు?