ఆ పాటల్లో అమాయకత్వం ఎక్కడుంది?

పోయిన వేసవిలో మా ఊరి తెలుగువాళ్ళ పిక్నిక్కులో ఒక చిన్న గొడవ పడ్డాను. పార్కులో గ్రిల్లు మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్నాయి. ఎవరో తెచ్చిన స్పీకర్లోంచి అరవైల నాటి అమెరికన్ వేసవి పాటలు వరసగా వస్తున్నాయి. బీచ్ బాయ్స్ అయ్యాక డ్రిఫ్టర్స్, ఆ తర్వాత మార్తా అండ్ ది వాండెల్లాస్. ఈ దేశానికి నాకన్నా చాలా ముందొచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "ఆ రోజులే వేరండీ. ఎంత అమాయకమైన పాటలు! రాజకీయాల్లేవు, ఏడుపుల్లేవు. ఎండ, సముద్రం, కుర్రకారు, అంతే," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "ఎవరి రోజులండీ?" అన్నాను నేను. "మీకు పాటలో కూడా రాజకీయాలే కావాలా?" అని ఆయన. నేనేదో మొదలుపెట్టేలోపు వాళ్ళావిడ వచ్చి "ముందు తినండి అన్నయ్యగారూ" అంటూ ప్లేటు చేతిలో పెట్టేశారు. చల్లారిపోతున్న పొత్తు ముందు వాదన నిలుస్తుందా? ఆ పూట మింగేసిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

బీచ్ బాయ్స్‌తోనే మొదలుపెడదాం. "సర్ఫిన్ యు.ఎస్.ఏ." 1963లో వచ్చింది. అందులో బాణీ చక్ బెరీది. ఆయన 1958 నాటి "స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్" ఒకసారి విని, వెంటనే ఇది వినండి, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. రికార్డు మీద మొదట్లో బ్రయన్ విల్సన్ పేరొక్కటే ఉండేది. ఆ పాట దేశమంతా మోగుతున్నప్పుడు చక్ బెరీ జైల్లో ఉన్నాడు. ఆయన పాటల ప్రచురణ సంస్థ అడ్డుపడ్డాక హక్కులు అటు మారాయి, బెరీ పేరు ఆ తర్వాతెప్పుడో చేరింది. ఇంకో విశేషం, ఆ బృందంలో నిజంగా సర్ఫింగ్ చేసినవాడు డెనిస్ ఒక్కడే. బ్రయన్‌కి అలలంటే భయం. 2025 జూన్‌లో పోయాడాయన. ఆ గొంతుల కలయికని అంత అందంగా పేర్చినవాళ్ళు చాలా తక్కువమంది, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. నా పేచీ ఆయనతో కాదు.

ఆ పాటలో అలలు బాగుండే తీరాల పేర్లు వరసగా వస్తాయి. అందులో మన్‌హాటన్ బీచ్ ఒకటి. విల్సన్ సోదరులు పెరిగిన హాథోర్న్‌కి కారులో పది, పదిహేను నిమిషాల దూరం. ఆ తీరంలో 1912లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి స్త్రీ 1,225 డాలర్లకు ఒక స్థలం కొంది. అప్పట్లో నల్లవాళ్ళకి సముద్రస్నానానికి చోటు దొరకడమే గగనం. ఆమె, భర్త చార్లెస్ కలిసి అక్కడ స్నానాలకీ భోజనాలకీ వసతి ఏర్పాటు చేశారు, జనం రావడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు తెల్లవాళ్ళు బెదిరించారు, వేధించారు. చివరికి 1924లో పార్కు కడతామని చెప్పి నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. పార్కు మాట దేవుడెరుగు, చాలా ఏళ్ళు అది ఖాళీగానే పడి ఉంది. 2022లో ఆ భూమిని వారసులకి తిరిగి ఇచ్చారు. మరుసటేడు వాళ్ళు దాన్ని దాదాపు 2 కోట్ల డాలర్లకి కౌంటీకే అమ్మేశారు. దేశమంతటికీ ఒకే సముద్రం ఉన్నట్టు పాడిన ఆ పాట వచ్చిన ఏడాదికి ఈ కథ మధ్యలో ఉంది. పాడిన కుర్రాళ్ళకి ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలియకుండా ఉండగలగడాన్నే మా పెద్దాయన అమాయకత్వం అంటున్నారని నా అనుమానం.

ఇక డ్రిఫ్టర్స్ "అండర్ ది బోర్డ్‌వాక్". 1964 మే 21న రికార్డు చేశారు. ముఖ్య గాయకుడు రూడీ లూయిస్ ముందురోజు రాత్రి చనిపోయాడు. మర్నాడు జానీ మూర్ పాడాడు. సముద్రపొడ్డు సుఖం గురించిన పాటలో ఆ దిగులు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇది తెలిశాక అర్థమవుతుంది. జూన్‌లో పాట విడుదలైంది. అదే జూన్‌లో ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో నల్లవాళ్ళు తెల్లవాళ్ళ బీచ్‌లోకి దిగి సత్యాగ్రహం చేస్తుంటే గుంపులు మీదపడి కొట్టాయి. జూన్ 18న అక్కడి ఒక మోటెల్ ఈతకొలనులోకి దిగినవాళ్ళ మీద యజమాని ఆసిడ్ పోశాడు. ఆ ఫొటో మర్నాడు పత్రికల్లో వచ్చింది. నీళ్ళలోకి దిగడమే ఉద్యమమైన నెలలో, నలుగురు నల్లవాళ్ళు బీచ్‌లో చల్లగా కూర్చోవడం గురించి పాడారు. పాట రాసిన ఇద్దరూ దీన్ని మనసులో పెట్టుకుని రాశారని నేననను. కానీ పాట ఏ చెవిన పడుతుందో రాసినవాడి చేతిలో ఉండదు కదా. పైన జనం నడుస్తుంటే, ఎవరి కంటా పడకుండా కింద దాక్కున్న ఆ జంటని సెయింట్ ఆగస్టీన్ కుర్రాడు ఎలా విని ఉంటాడు?

అసలు నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది "డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్" గురించి. మోటౌన్ వాళ్ళది, 1964 జులై ఆఖర్న వచ్చి బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. మార్విన్ గే, మికీ స్టీవెన్సన్, ఐవీ జో హంటర్ కలిసి రాశారు. స్టీవెన్సన్ చెప్పిన ప్రకారం, డెట్రాయిట్ వీధుల్లో కారులో వెళ్తుంటే పిల్లలు ఫైర్ హైడ్రంట్లు విప్పుకుని ఆ నీళ్ళలో గంతులేస్తూ కనిపించారట. పాట అక్కడ పుట్టింది. బీచ్ లేనివాళ్ళ బీచ్ అది. వెనకాల దడేల్ దడేల్మని వినిపించే చప్పుడు కూడా హంటర్ గునపంలాంటి ఇనుప కడ్డీతో కొట్టినదే. అందులో పిలిచే ఊళ్ళ వరస చూడండి: చికాగో, న్యూ ఆర్లీన్స్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, డెట్రాయిట్. అన్నీ నల్లవాళ్ళు పెద్దసంఖ్యలో ఉండే నగరాలు. బీచ్ బాయ్స్ తీరాల జాబితా పక్కన దీన్ని పెట్టి చూస్తే ఒకే దేశం పటాలు రెండు కనిపిస్తాయి.

ఏళ్ళు గడిచేకొద్దీ, వేసవి అల్లర్లు పెరిగేకొద్దీ జనం ఈ పాటని తిరుగుబాటు పిలుపుగా విన్నారు. మార్తా రీవ్స్ మాత్రం ఇది పార్టీ పాటేనని మొత్తుకుంటూనే ఉంది. నేను ఆవిడ మాటే నమ్ముతాను. రహస్య సంకేతాలేమీ లేవు. ఇక్కడే మా పెద్దాయన గెలిచేశాననుకుంటారు. కానీ వీధి మధ్యలో, పగలు, గుంపుగా, సంతోషంగా ఉంటామని చెప్పడం అప్పట్లో ఎవరికి మామూలు విషయం, ఎవరికి కాదు? 1967 జులై 23న తెల్లవారుజామున డెట్రాయిట్ పన్నెండో వీధిలో ఒక బార్ మీద పోలీసులు దాడి చేశారు. అదే రోజు మార్తా రీవ్స్ అదే ఊళ్ళో, ఫాక్స్ థియేటర్లో పాడుతోంది. ఊరు తగలబడుతోందని చెప్పి, జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళమని ప్రేక్షకుల్ని ఆవిడే వేదిక మీంచి పంపించాల్సి వచ్చింది. ఆ అల్లర్లలో 43 మంది చచ్చిపోయారు. 1985లో డేవిడ్ బౌయీ, మిక్ జాగర్ ఇదే పాటకి చేసిన చిందులు చూసినవాళ్ళకి ఇదంతా ఎక్కడ గుర్తుంటుంది! వాళ్ళ డాన్సు గురించి ఏమీ అనకుండా ఉండడమే మర్యాద.

హైడ్రంట్ కథ అక్కడితో అయిపోలేదు. 1966 వేసవిలో లవిన్ స్పూన్‌ఫుల్ వాళ్ళ "సమ్మర్ ఇన్ ది సిటీ" అమెరికాలో నంబర్ వన్ అయింది. కారు హారన్లు, రోడ్డు తవ్వే యంత్రాల రొదతో, సిమెంటు సెగతో, పగలంతా ఉడికిపోయే ఊరు అందులో వినిపిస్తుంది. అదే జులైలో చికాగో వెస్ట్ సైడ్‌లో ఎండకి తాళలేక పిల్లలు హైడ్రంట్లు విప్పితే పోలీసులు వచ్చి మూసేశారు. దాంతో మొదలైన గొడవ నేషనల్ గార్డ్ దిగేదాకా వెళ్ళింది. ఆ తర్వాతే మేయరు హైడ్రంట్లకి జల్లు గొట్టాలు బిగించడానికీ, ఆ పేటలకి ఈతకొలనులు పంపడానికీ ఒప్పుకున్నాడు. గుక్కెడు చల్లదనం కోసం అంతా తగలబడాల్సి వచ్చింది.

నేను బెజవాడవాణ్ణి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెత మధ్య పెరిగినవాణ్ణి. వీధి కుళాయి దగ్గర తెల్లవారకముందే బిందెల వరస, ఆ వరసలో ఎవరి బిందె ముందు, ఎవరిది దూరంగా అనే లెక్క, ఏ పేటకి నీళ్ళు ముందు ఆగిపోతాయో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనకపోవడం, ఇవన్నీ చూశాను. ఎండ అందరికీ ఒకటేనని మనకెవరూ చెప్పలేరు. మరి అమెరికా ఎండ దగ్గరికొచ్చేసరికి ఇంత తొందరగా ఎందుకు నమ్మేస్తాం?

నాకు మంటెత్తేది ఇందుకే. 1946 చట్టం ప్రకారం ఇండియా నుంచి ఏడాదికి 100 మందికి మాత్రమే ఇక్కడ స్థిరపడే వీలుండేది. ఆ తలుపు తీసినది 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టం. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం తెచ్చిన ఊపులోనే అదీ వచ్చింది. మా పెద్దాయన వచ్చింది ఆ తలుపులోంచే, వెనకాల నేనొచ్చిందీ అందులోంచే. పబ్లిక్ పార్కులో ఎవర్నీ అడక్కుండా గ్రిల్లు వెలిగించుకుంటున్నామంటే, ఎవరో నీళ్ళలోకి దిగి దెబ్బలు తిన్నారు కాబట్టి. ఆ దెబ్బలు తిన్న వేసవినే "రాజకీయాల్లేని రోజులు" అని వాళ్ళ పాటలు పెట్టుకునే అంటున్నాం.

పాటలు వినొద్దని ఎవరన్నారు? నేను రోజూ వింటాను. కారులో "డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్" వస్తే స్టీరింగు మీద దరువేస్తాను, మా అమ్మాయి సిగ్గుతో కిటికీ అద్దం ఎత్తేస్తుంది.

ఈ వేసవి పిక్నిక్కుకి స్పీకరు నేను తెస్తానని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం, మొక్కజొన్న పొత్తులు ఎవరు తెస్తున్నారని అడిగారు.