భోజనానికి వచ్చిన నల్ల అల్లుడు

1965లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో లియోన్ బజీల్ అనే జడ్జి తన నిర్ణయానికి దేవుణ్ణే ఆధారంగా చూపాడు. దేవుడు తెల్ల, నల్ల, పసుపు, ఎర్ర జాతుల్ని వేరువేరు ఖండాల్లో పెట్టాడట, కాబట్టి అవి కలవడం ఆయనకు ఇష్టం లేదట. ఆ లెక్కన తెల్లవాళ్లు యూరప్‌లోనే ఉండిపోవాలి. సముద్రం దాటి వర్జీనియాకు వచ్చిందీ, ఆఫ్రికా మనుషుల్ని గొలుసులతో కట్టి తెచ్చిందీ వాళ్లే. అప్పుడు అడ్డురాని దైవాజ్ఞ రిచర్డ్ లవింగ్ అనే తెల్ల తాపీమేస్త్రీ మిల్‌డ్రెడ్ అనే నల్లజాతి యువతిని పెళ్లాడినందుకు మాత్రం అడ్డొచ్చింది. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు అలాంటి పెళ్లిళ్లను నిషేధించే వర్జీనియా చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసేనాటికి, ఆ రాష్ట్రంతో కలిపి ఇంకా 16 రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి.

అదే ఏడాది డిసెంబరులో వచ్చింది స్టాన్లీ క్రామర్ సినిమా 'గెస్ హూజ్ కమింగ్ టు డిన్నర్'. నాకెంతో ఇష్టమైన సినిమా. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తెల్లవాళ్లింటి పిల్ల తను ప్రేమించిన నల్లజాతి డాక్టర్ని ఇంటికి తీసుకొస్తుంది. సాయంత్రంలోగా అమ్మానాన్నలు ఔననో కాదనో చెప్పాలి. కన్నీటి కథ కావలసినదాన్ని క్రామర్ నవ్విస్తూ నడిపాడు. తల్లి పాత్ర వేసిన కేథరిన్ హెప్‌బర్న్ ముఖంలో ఆశ్చర్యం మెల్లగా సంతోషంగా మారే తీరు చూసి తీరాలి. ఇద్దరు మనుషులు ప్రేమించుకోవడం మామూలు సంగతి అని మనసుకు ఎక్కించాలంటే ఉపన్యాసం కన్నా నవ్వే బాగా పనిచేస్తుంది.

తండ్రి పాత్ర వేసిన స్పెన్సర్ ట్రేసీ షూటింగ్ ముగిసిన కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తండ్రి పత్రిక నడిపే ఉదారవాది, జీవితమంతా సమానత్వం గురించి రాసినవాడు. ఆయన దగ్గర మతం పేరుతో అడ్డు చెప్పే వాదన లేదు. గోల్ఫ్ స్నేహితుడైన పాదిరీ కూడా ప్రేమికుల పక్షానే ఉన్నాడు. అయినా మనసొప్పదు. లోకం ఊరుకోదు, పుట్టబోయే పిల్లల గతేమిటి అంటాడు. 'మాకేం పట్టింపు లేదు గానీ నలుగురూ ఏమనుకుంటారో' అనే మాట మనిళ్లలో ఎన్నిసార్లు వినలేదు! నమ్మకం పోయాక కూడా ఆచారం ఇలా ప్రేమ ముసుగు వేసుకుని బతుకుతుంది. ఆ నలుగురిలో తానూ ఒకడినని ఆ తండ్రి గుర్తించడమే కథకు ప్రాణం. ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడ టిల్లీ, అబ్బాయి తండ్రి కూడా ఈ పెళ్లి వద్దనే అంటారు. అణచివేతకు గురైనవాళ్లూ తమను వేరుచేసిన గీతను తమదిగా చేసుకుంటారని చూపించడానికి ధైర్యం కావాలి.

ఒక్క లోపం నన్ను బాధిస్తుంది. సిడ్నీ పాయిటియర్ వేసిన డాక్టర్ ప్రపంచ ప్రఖ్యాతుడు, మర్యాదస్తుడు, వంక పెట్టడానికి వీల్లేనివాడు. అతని తండ్రి రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆ తండ్రిలాంటి పోస్ట్‌మ్యానే అల్లుడిగా వచ్చి ఉంటే తలుపు తెరుచుకునేదా? తెల్లవాడికి అక్కర్లేని అర్హత నల్లవాడికి ఎందుకు కావాలి? చర్మం రంగు మెలనిన్ మోతాదు. ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా డీఎన్ఏ దాదాపు 99.9 శాతం ఒకటే. ఆ తేడా మీద ఏ దేవుడి సంతకమూ లేదు.

కులం గీతలున్న మనకు ఈ పాఠం కొత్తేమీ కాదు. నాస్తికుడు గోరా తన కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆయన కొడుకు లవణం 1960లో మహాకవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. ఇంతకాలం తర్వాత కూడా పెళ్లి ప్రకటనల్లో తెల్లని వధువు కావాలంటారు, కులపట్టింపు లేదంటూనే ఎస్సీ, ఎస్టీలను మినహాయిస్తారు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో తెల్ల కోడలికి దొరికే ఆదరణ నల్ల కోడలికీ దొరుకుతుందా?

పెళ్లీడు పిల్లలున్నవాళ్లు ఈ సినిమాను వాళ్లతో కలిసి చూడండి. రేపు వాళ్లు ఎవరినైనా ఇంటికి తీసుకొస్తే వద్దనడానికి మీ దగ్గరున్న కారణమేమిటో ఇవాళే వాళ్ల ముందు పైకి చెప్పండి.