సత్యభామకు తెలుగు నేర్పిన దెవరు?

సినిమా తార కథకు మన సంఘపత్రికలో తావెందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. 2023 జనవరి 27వ తేదీన హైదరాబాదులో పరమపదించిన శ్రీమతి జమునగారి జీవితములో మనబోటి కుటుంబములు గ్రహింపవలసిన పాఠ మొకటి యున్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

1936 ఏప్రిల్ 1వ తేదీన మన గంజాం ప్రాంతము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. ఆ యేడే ఆగస్టు 30వ తేదీన కన్నడసీమలోని హంపిలో జమునగారు జన్మించిరి. తండ్రి నిప్పణి శ్రీనివాసరావుగారు కన్నడ మాధ్వ కుటుంబమువారు, వర్తకులు. కుటుంబము గుంటూరు జిల్లా దుగ్గిరాలకు వచ్చి స్థిరపడినది. తల్లి కౌసల్యాదేవిగారు కుమార్తెకు సంగీతమును, హార్మోనియమును నేర్పిరి. పిల్ల బడిలో చదివినది, నాటకములాడినది. ఆ నాటకములే ఆమెను గరికపాటి రాజారావుగారి 'పుట్టిల్లు' (1953) చిత్రమునకు కొనిపోయినవి.

కన్నడ కుటుంబపు ఈ బిడ్డయే 'వినాయక చవితి' (1957), 'శ్రీకృష్ణ తులాభారము' (1966) చిత్రములలో తెలుగువారికి సత్యభామ యైనది. నేటికిని టెలివిజనులో ఆ చిత్రములు వచ్చినపుడు, సత్యభామ యన నింతియే యని మన యింటి ముసలివారందురు. 'మూగమనసులు' (1964)లో గోదావరి పల్లెపిల్ల గౌరిగా ఆమె పలికిన పలుకు నేల విడువని పలుకు. ఆ కథయే హిందీలో 'మిలన్' (1967) కాగా, అదే పాత్రకు ఆమె ఫిలింఫేర్ బహుమానము నందుకొనిరి. భాష రక్తముతో రాదు. తల్లి నోట, బడిలో, రంగస్థలముమీద వచ్చును. ఆమె జీవితమే ఇందుకు సాక్ష్యము.

నటి యైనంతమాత్రమున పరువు పోవునని మనలో నొక భయము కలదు. ఆమె నడవడి చూడుడు. ఒక దశలో అగ్రనటులు రామారావుగారు, నాగేశ్వరరావుగారు ఇరువురును ఆమె సరసన నటింప నిరాకరించిరి. సుమారు మూడేండ్లు ఆమె ఇతర నటులతో, ఇతర భాషలలో పనిచేసి నిలిచిరి. 'గుండమ్మ కథ' (1962)తో ఆ యెడబాటు తీరినది. 1965లో జంతుశాస్త్ర ఆచార్యులు జూలూరి రమణారావుగారిని వివాహమాడి, ఇద్దరు బిడ్డలను పెంచుచు, నటనయు సాగించిరి. 1989లో రాజమండ్రి ప్రజలు ఆమెను లోకసభకు పంపిరి. తల యెత్తుకొని బ్రతికిన స్త్రీని చూచి మన మేల భయపడవలెను?

ఇక మన సంగతి. దుకాణములో బేరము ఒడియాలో నడచును. అది మనకు అన్నము పెట్టు భాష. దానితో మనకు కలహము లేదు. కాని ఇంటిలోని తెలుగు ఏమగుచున్నది? పిల్లలు తెలుగు విందురు, బదులు ఒడియాలో చెప్పుదురు. అక్షరము రాని తెలుగు రెండు తరములు మించి నిలువదు. కొడుకునకు లెక్కల కొరకైనను నాలుగక్షరములు చెప్పించువారు, కూతురు అత్తవారింటికి పోవునది గదా యని విడిచిపెట్టుచున్నారు. రేపు బిడ్డల నెత్తుకొని మాట నేర్పునది ఆ కూతురే యని మరచుచున్నారు.

కావున సంఘ సభ్యులకు నా మనవి రెండు. ప్రతి యింట వారమునకు రెండు సాయంకాలములు ఆడపిల్లకు, మగపిల్లవానికి సమానముగా తెలుగు చదువను, వ్రాయను నేర్పుడు. రానున్న వినాయక చవితి పందిరిలో పెట్టె పాటలు కొంత తగ్గించి, మన పిల్లలచేత చిన్న తెలుగు నాటకమాడింపుడు. ఆడవేషము ఆడపిల్లకే ఇండు. అద్దె దీపములకు, తెరకు అగు వ్యయము వర్తకులము మేము పంచుకొందుము. పిల్లను పంపవలసిన భారము మాత్రము తల్లిదండ్రులది.