కెమెరా ఎవరి పక్షం?

నడిగడ్డ నుంచి

దొర దుర్మార్గుడని చెప్పడానికి మన సినిమాలు పేజీలకు పేజీలు డైలాగులు రాయించుకుంటాయి. కెమెరా మాత్రం దొరవైపే ఉంటుంది. ఆయన బండి దిగుతుంటే చెప్పుల దగ్గర మొదలై మీసం దాకా మెల్లగా పైకి పాకుతుంది. వెనక డప్పు అదిరిపోతుంది, గడీ తలుపులు స్లోమోషన్‌లో తెరుచుకుంటాయి, హాల్లో ఈలలు పడతాయి. ఇంటికెళ్లాక ఆ డైలాగులు ఎవరికీ గుర్తుండవు, ఆ నడక గుర్తుంటుంది. యాస, గడీ, గొంగడి ఉంటే తెలంగాణ కథ అయిపోయిందనుకునే ఈ రోజుల్లో బి. నర్సింగరావు ‘దాసి’ని మళ్లీ చూడాలంటాను.

ముందు ‘మా భూమి’ సంగతి. 1980లో విడుదలైన ఆ సినిమాకు నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, దర్శకుడు గౌతమ్ ఘోష్. అప్పటికి డాక్యుమెంటరీలు తీసిన బెంగాలీ యువకుడాయన. కథాచిత్రం అదే మొదటిది. అంతా నలుపు తెలుపులో నడుస్తుంది. సాయిచంద్ వేసిన రామయ్య ఊరు విడిచి, సూర్యాపేట, హైదరాబాద్ చూసి, లోకం తెలుసుకుని తెలంగాణ సాయుధ పోరాటంలోకి వస్తాడు. కెమెరా అతని వెంట నడుస్తూ ఉంటుంది. సుద్దాల హనుమంతు పసుల కాపరి పిల్లవాడి మీద కట్టిన పాట ఉంది. బండి యాదగిరి పాటకైతే గద్దరే గొంగడితో తెరమీదికొచ్చి ఆడిపాడారు. మామూలు సినిమాలో పాట వస్తే కథ ఆగుతుంది. ఇందులో పాట వస్తేనే జనం ఒకచోటికి చేరతారు. తిరుగుబాటు కథకు బాట, గుంపు, గొంతు కావాలి. ఆ మూడూ దండిగా ఉన్నాయి.

1988లో తానే దర్శకుడై ‘దాసి’ తీసినప్పుడు నర్సింగరావు వాటన్నిటినీ పక్కన పెట్టేశారు. అదే తెలంగాణ, అదే దొరల రాజ్యం, కాకపోతే 1920ల కాలం. తిరగబడే రోజు ఇంకా రాలేదు. అర్చన వేసిన కమలాక్షి గడీలో దాసి. పిలిస్తే పలకాలి, చెప్పింది చేయాలి. దొర పిలిచిన రాత్రి వెళ్లాలి, చుట్టం వస్తే అతని గదికీ వెళ్లాలి. కడుపు పండితే ఆ బిడ్డనూ ఉంచుకోనివ్వరు. ఇంత ఘోరం మీద ఆమె ఒక్క ఉపన్యాసం చెయ్యదు. మాటలే తక్కువ. రాత్రి పిలుపు కూడా పగటి చాకిరీలో ఇంకో పనిలా వచ్చిపోతుంది.

షాట్లు కదలకుండా నిలబడిపోతుంటే, అలవాటు లేని ప్రేక్షకుడికి కాసేపటికి విసుగొస్తుంది. ఏమీ జరగట్లేదే అనిపిస్తుంది. దర్శకుడికి కావలసింది ఆ విసుగేనని నా నమ్మకం. కమలాక్షికి జరగడానికి సొంత కథంటూ ఏముంది? దొర పొద్దే ఆమె పొద్దు, దొరసాని కోపమే ఆమె వాతావరణం. చకచకా కట్ చేసి, ఏడుపు దగ్గర వయొలిన్లు మోగించి ఉంటే మనం ఓ కన్నీటిచుక్క రాల్చి హాయిగా లేచొచ్చేవాళ్లం.

నర్సింగరావు అప్పటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో భూస్వామి ఇంట పుట్టారు, చిత్రకారుడు కూడా. గడీని లోపలి నుంచి ఎరిగిన కన్ను అది. ఛాయాగ్రహణం అపూర్వ కిశోర్ బీర్, కళ తోట వైకుంఠం. అర్చనతో పాటు వీళ్లిద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి. దుస్తులకు, ఉత్తమ తెలుగు చిత్రానికి వచ్చినవి కూడా కలిపితే ఐదు. గద్వాల చీరలు నేసే చోట పుట్టినవాణ్ని కనుక, ఒక దాసి కట్టుబట్టలున్న సినిమాకు దుస్తుల అవార్డు ఇచ్చారంటే నాకు ముచ్చటేసింది.

ఇవన్నీ అవార్డు సినిమాలండీ, జనం చూడరు అనేవాళ్లుంటారు. సుకుమార్ ‘రంగస్థలం’ (2018) చూడని ఊరేదో చెప్పండి. అందులో హీరోకు చెవుడు. ప్రెసిడెంటు పేరు పలికే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండదు. భయాన్ని ఆ దర్శకుడు చాలావరకు శబ్దంతోనే చెప్పారు. పెద్ద హీరో ఉన్నా అది కుదిరింది.

ఇలాంటి కెమెరా కావలసిన కథ మా గద్వాల వైపు, అంటే నడిగడ్డలోనూ ఉంది. ఇక్కడ గడీల కన్నా గద్వాల సంస్థానం కథలెక్కువ. అవి పాతవి. ఇవాళ్టి నడిగడ్డ కథ సీడుపత్తిది, అంటే విత్తనాల కోసం పండించే పత్తిది. ఇటిక్యాల, అయిజ, ధరూరు ఎటు పోయినా క్రాసింగ్ రోజుల్లో చేలన్నీ మనుషులే. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ చేతిపనే. ఈ పనికి పిల్లల్ని బడి మాన్పించి తెస్తున్నారన్న వార్తలు ఏళ్ల తరబడి వచ్చాయి. రైతుకు పైసలు పెట్టేది ఆర్గనైజరనే మధ్యవర్తి, అతని పైన విత్తన కంపెనీ.

దీన్ని ఎవరైనా సినిమా తీస్తే ఆర్గనైజరుకు ఓ జీపు, నలుగురు రౌడీలు ఇస్తారని నా భయం. నిజానికి అతను మనూరివాడే, మనింట్లో చాయ్ తాగి, మన పిల్ల పెళ్లికి అప్పిచ్చి పోయేవాడు. ఆ మంచితనమే అసలు ముడి. అది తెరమీద కనిపించాలంటే కెమెరాను మొగ్గ ఎత్తున పెట్టి, ఒక ఆడమనిషి సాలు చివరిదాకా పోయేవరకు కట్ చెప్పని దర్శకుడు కావాలి. డ్రోన్ ఎగరేస్తే ఆ పూలతోట అందంగానే ఉంటుంది, పాటకు పనికొస్తుంది. ఆ సాలు షాట్‌కు మాత్రం నిర్మాతను ఒప్పించడం కష్టం.

— ఇటిక్యాల వాసి